పశువుల తొట్టిలో నది షికారు – నెబ్రాస్కా శాండ్‌హిల్స్

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా, లింకన్‌లలో ఉన్న మనవాళ్లకి లాంగ్ వీకెండ్ అంటే డెన్వర్. ఒక్కసారి అది మానేసి శాండ్‌హిల్స్‌కి వెళ్లి ట్యాంకింగ్ చేయండి. ఆవులు నీళ్లు తాగే పెద్ద గుండ్రటి తొట్టిలో బెంచీలు వేసి, మనల్ని కూర్చోబెట్టి మిడిల్ లూప్ నదిలో వదిలేస్తారు, అంతే. చూడటానికి కృష్ణలో తిరిగే పుట్టిలానే ఉంటుంది గానీ నడిపేవాడు ఉండడు. తెడ్డు ఇస్తారు, దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. తొట్టి గిరగిరా తిరుగుతూ తన ఇష్టమొచ్చినట్టు పోతుంది, ఇసుక మేట తగిలితే అందరూ దిగి తోయాల్సిందే.

నాకు నచ్చింది ఏంటంటే, ఆ ప్రాంతం ఎలా బతుకుతోందో నదిలోంచి బాగా అర్థమవుతుంది. రెండు వైపులా కనిపించే ఆ పచ్చటి గుట్టలన్నీ గడ్డి పట్టి ఉంచిన ఇసుక దిబ్బలే, సుమారు 50 వేల చదరపు కిలోమీటర్లు, కొన్నయితే 120 మీటర్ల ఎత్తు. వాన పడితే పైన పారదు, ఇసుకలోకి ఇంకిపోయి కింద ఒగల్లాలా భూగర్భ జలాల్లో కలిసి, ఊటలుగా మళ్లీ నదిలోకి వస్తుంది. అందుకే నది నడివేసవిలోనూ పెద్దగా తగ్గదు, నీళ్లు చల్లగా ఉంటాయి. 1904లో కింకేడ్ చట్టం కింద స్థిరపడటానికి వచ్చినవాళ్లకి ఒక్కొక్కరికి 640 ఎకరాలు ఇచ్చినా వ్యవసాయం సాగలేదు, గడ్డి పోతే గాలికి ఇసుక లేస్తుంది మరి. చాలామంది రాంచ్‌ల (పశువులు పెంచే పెద్ద క్షేత్రాలు) వాళ్లకి అమ్మేసి వెళ్లిపోయారు. పక్కనున్న చెర్రీ కౌంటీ పాత నల్గొండ జిల్లా కంటే పెద్దది, 2020 లెక్కల్లో జనం 5,455 మంది!

సర్వీస్ విషయానికొస్తే, తొట్టి శుభ్రంగా ఉంది, లైఫ్ జాకెట్లు సరిపోయాయి. కానీ థెడ్‌ఫోర్డ్ అనే ఊరు దాటి పడమటికి వెళ్తే టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి పోతుందని బుకింగ్‌లో ఒక్క ముక్క చెప్పలేదు, అనవసరంగా టెన్షన్ పడి ముందే వెళ్లి ఎండలో కూర్చున్నాం. ఒడ్డు చాలాచోట్ల ఎవరో ఒకరి రాంచ్, కనిపించిన చోటల్లా దిగడానికి లేదు. ఈ మాట కూడా బయల్దేరాకే చెప్పారు.

శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి, అక్కడ దొరికేది స్టేక్, బర్గర్. ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోల్ బంకు కనబడితే ట్యాంకు సగం ఉన్నా ఆపి నింపుకోండి. ఐదుకి నాలుగు స్టార్లు.