ఓష్ నడిబొడ్డున సులైమాన్ కొండ, ఆ కొండ గుహలో మ్యూజియం

మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. సెలవులకి ఎప్పుడూ తనే వచ్చేది. "ఈసారి ఆ టికెట్ డబ్బులతో నువ్వే రా అమ్మా, కొండ ఎక్కిస్తా" అంది. నా నడుం నొప్పికి కొండలొకటా అన్నాను కానీ, మే నెలలో బడికి సెలవులే కదా, బయల్దేరాను. ఢిల్లీ నుంచి బిష్కెక్, అక్కడి నుంచి ఓష్‌కి ఇంకో విమానం. ఆ రెండోది గంట కూడా పట్టదు. అదే రోడ్డు మీదైతే మూడు వేల మీటర్లు దాటిన కనుమ ఎక్కి దిగుతూ పది, పన్నెండు గంటలు. దారి చాలా బాగుంటుందని పిల్లలంటారు. ఇరవై ఏళ్ల నడుములు వాళ్లవి.

బస గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడే దెబ్బ తిన్నాను. ఫోటోలు చూసి, అద్దె తక్కువని ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. సోవియట్ కాలపు బిల్డింగు, నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రెండో రోజు వేడి నీళ్లు ఆగిపోయాయి. ఓనరుకి ఫోన్ చేస్తే "రేపు" అన్నాడు, ఆ రేపు రాలేదు. మూడో రోజు పెట్టె సర్దుకుని ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. గది చిన్నదే, కానీ వాకిట్లో చెర్రీ చెట్టు, పొద్దున్నే వేడి రొట్టె, జామ్, గుడ్లు, అడిగినన్ని సార్లు టీ. ఓష్‌కి వెళ్లే తల్లిదండ్రులకి నా సలహా ఇదే: పిల్లల కాలేజీకి దగ్గరా దూరమా అని చూడకండి, టాక్సీ ఖర్చు తక్కువే. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, వేడి నీళ్లకి గదిలోనే గీజర్ ఉందా, ఈ మూడూ అడగండి. అక్కడి డబ్బు సోమ్, దాని విలువ మన రూపాయికి అటూ ఇటుగా ఉంటుంది కాబట్టి లెక్కలకి బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

ఇక కొండ. బెజవాడలో ఇంద్రకీలాద్రి లాగే ఇదీ ఊళ్లోనే ఉంది. ఏ వీధి మలుపు తిరిగినా ఇళ్ల మధ్యలోంచి కనిపిస్తూనే ఉంటుంది. కాకపోతే పచ్చదనం తక్కువ, వరసగా ఐదు శిఖరాలతో బోడి రాయి. పేరు సులైమాన్-తో. తో అంటే వాళ్ల భాషలో కొండ. బైబిల్లో సొలొమోను అనే ఆయనే ఈ సులైమాన్ ప్రవక్త, ఆయన ఇక్కడికి వచ్చాడని నమ్మకం. ఇస్లాం రాకముందు నుంచే దీనికి మొక్కేవారట. రాళ్ల మీద పాతకాలపు మనుషుల, జంతువుల బొమ్మలు చెక్కి ఉన్న చోట్లు నూరు పైగా ఉన్నాయి. మొక్కులు ఇప్పటికీ సాగుతున్న చోట్లు 17. ఆ దేశంలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మొదటి స్థలం ఇదే, 2009లో.

కొండ కింద మూడంతస్తుల గుడారం ఒకటి ఉంది, సంచార జాతుల యుర్త్ ఆకారంలో. ఫోటో తీసుకుని ముందుకు కదిలాం. మెట్లకి పక్కన ఇనుప రెయిలింగ్ ఉంది, ఆగి ఆగి ఎక్కితే నాలాంటి వాళ్లకి కూడా పర్వాలేదు. పొద్దున ఎనిమిది లోపు మొదలుపెట్టండి, ఎండెక్కాక ఆ రాయి పెనంలా కాలుతుంది. పైన నీళ్లు దొరకవు, బాత్రూమూ లేదు. కిందే పని ముగించుకోవాలి.

మొదటి శిఖరం మీద ఉన్నది బాబర్ ఇల్లు. పానిపట్ 1526 అని ఏటేటా పిల్లల చేత వల్లె వేయిస్తాను కదా, ఆ బాబరే. ఆయన పుట్టిన అందిజాన్ ఇక్కడికి దగ్గరే, ఇప్పుడది ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఓష్‌లో పూసే పూల గురించీ, ఈ కొండ మీద తాను కట్టించుకున్న చిన్న ఇంటి గురించీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అప్పటికి పదిహేనేళ్లు కూడా ఉండవేమో. ఇప్పుడున్నది అసలుది కాదు, సోవియట్ కాలంలో అది పోతే తర్వాత మళ్లీ కట్టారు. ఒకే ఒక్క గది. నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే ఒక పెద్దాయన రెండు మాటలు దువా చదివాడు, అందరూ అరచేతులతో ముఖం తడుముకున్నారు. నేనూ తడుముకున్నాను. పానిపట్ దాకా వచ్చిన మనిషి ఇంత చిన్న గదిలోంచి బయల్దేరాడా అనిపించింది. ఆ అరుగు మీద నుంచి ఊరంతా, దాని వెనక మంచు కొండలూ కనిపిస్తాయి. నేను ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే.

అక్కడి నుంచి కొండ పక్కగా మ్యూజియం వైపు బాట వెళ్తుంది. దారిలో ఒక ఏటవాలు రాయి ఉంది. తరతరాలుగా జనం జారి జారి అది గచ్చులా నున్నబడింది. సంతానం కోసం ఆడవాళ్లు దీని మీద జారతారు. నడుం నొప్పికీ మంచిదంటారు. మన గుళ్లలో చెట్టుకి ఊయల కడతారే, అలాంటిదే. మేం వెళ్లేసరికి ఒక కొత్త పెళ్లికూతురు జారుతోంది, అత్తగారు కింద నిలబడి చున్నీ పట్టుకుంది. నేను నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డం చూసి ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. మూడు వేళ్లు చూపించింది. "మూడుసార్లు జారమంటోందమ్మా" అంది మా అమ్మాయి. చీర కుచ్చిళ్లు దోపుకుని జారాను. రాయి చల్లగా ఉంది, అనుకున్నదానికంటే వేగంగా తీసుకెళ్లింది. మూడోసారికి ఆవిడ చప్పట్లు కొట్టింది. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని "అపా" అని పిలుస్తారు. "రఖ్మత్, అపా" అన్నాను, రఖ్మత్ అంటే థాంక్స్. నాకొచ్చిన రెండు ముక్కలూ అవే.

ఇంత చూశాక మ్యూజియం కాస్త చప్పగా అనిపించిందంటే తప్పు నాది కాకపోవచ్చు. కొండ గుహ నోటికి సోవియట్ వాళ్లు 1978లో కాంక్రీటు, గాజు తొడిగారు. దూరం నుంచి చూస్తే కొండకి కట్టుడు పన్ను పెట్టినట్టుంటుంది. దీనికి వేరే టికెట్. లోపల అడుగు పెట్టగానే చల్లదనం, ఒళ్లు హాయిగా ఉంది. అద్దాల పెట్టెల్లో పాత కుండలు, పూజా సామగ్రి, రాతి బొమ్మల నమూనాలు, గడ్డి కూరిన జంతువులు. ఆ జంతువుల మీద దుమ్ము. వివరాలు ఎక్కువగా కిర్గిజ్‌లో, రష్యన్‌లో ఉన్నాయి, ఇంగ్లీషు తక్కువ. మా అమ్మాయి చదివి చెప్పబట్టి కొంత తెలిసింది, లేకపోతే పెట్టెలు చూసి వచ్చేయడమే. గుహ మాత్రం గొప్పది. మెట్లెక్కి పై అరలోకి వెళ్తే, రాతి పగుళ్లలోంచి వెలుతురు పడుతుంటే, ఎక్కడో పావురాలు కువకువమంటుంటే, పెట్టెల సంగతి మర్చిపోతారు. టికెట్ డబ్బులు గుహకి ఇచ్చాననుకున్నాను. టైము తక్కువుంటే మ్యూజియం వదిలేయండి, బాబర్ ఇల్లు, ఆ జారుడు రాయి మాత్రం వదలొద్దు.

దిగాక ఆక్-బూరా నది ఒడ్డున జయ్మా బజారు. మేం వెళ్లినప్పుడు కిలోమీటరుకు పైగా పరుచుకుని ఉంది. ఉజ్గెన్ బియ్యం అని ఎర్రగా ఉండే బియ్యం అమ్ముతారు, ఇక్కడి పులావుకి అదే వాడాలట. నేను రెండు కిలోలు కొన్నాను. తందూరులో కాల్చే సంసా వేడిగా బాగుంటుంది, కానీ లోపల ఏ మాంసమో అడిగి తీసుకోండి. శాకాహారులకి కష్టమే. గుమ్మడికాయ సంసా దొరికితే అదృష్టం, లేకపోతే రొట్టె, టమాటా, చెర్రీలు.

రాత్రి భోజనానికి మా అమ్మాయి వాళ్ల మెస్‌కి వెళ్లాం. నేను తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఆ పూటకే సగమైంది. రాయి కబురు అప్పటికే అందరికీ చేరిపోయింది. "ఆంటీ, నడుం నొప్పి పోయిందా?" అని పిల్లలంతా ఒకటే అడగడం. మెట్లు దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి నాయనా, నడుం సంగతే గుర్తు లేదన్నాను.