హన్మకొండ ఈత క్లబ్బు: చలికాలం కూడా చూసినవాళ్ల సమీక్ష

ఏప్రిల్ వచ్చిందంటే హన్మకొండలో ఈత నేర్పిస్తామనే బ్యానర్లు చౌరస్తా చౌరస్తాకు వేలాడతాయి. జూన్‌లో బడులు తెరవగానే అవన్నీ మాయం. మా పాప వెళ్లే క్లబ్బుకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. 2016 ఎండకాలంలో, అది మూడో తరగతికి వెళ్లేముందు చేర్పించాం. ఇప్పుడు ఇంటర్ అయిపోతోంది. ఇన్నేళ్లు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అందుకే క్లబ్బు పేరు రాయట్లేదు.

పాత సభ్యులు చెప్పగా విన్నదాన్ని బట్టి, దీన్ని మొదలుపెట్టింది కాజీపేట రైల్వేలో పనిచేసిన ఒకాయన, ఆయన దోస్తులైన ఇద్దరు పీఈటీ సార్లు. ముగ్గురూ వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లే. మొదట్లో పట్టుకొచ్చిన పిల్లలు కూడా చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో దూకినవాళ్లే. నీళ్లంటే భయం లేదు, ఒళ్లు గట్టిది, ఇంకేం కావాలి అనుకున్నారట. తీరా చూస్తే బావి ఈతలో తల ఎప్పుడూ పైకే ఉంటుంది, ఊపిరి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటారు. పోటీ ఈతలో ముఖం నీళ్లలో ఉండాలి, ఊపిరి చేతుల లెక్క ప్రకారం తీసుకోవాలి. పాత అలవాటు మాన్పించడానికి పట్టే టైంలో అసలు ఈతే రానివాళ్లకు రెండు స్ట్రోకులు, అంటే రెండు రకాల ఈతలు నేర్పొచ్చు అని మా కోచ్ సార్ ఇప్పటికీ నవ్వుతూ అంటారు.

2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలో పెద్ద ఈత కొలను అప్పుడే వచ్చింది. మన పిల్లలకు 50 మీటర్ల కొలను అంటే ఏంటో అక్కడే తెలిసింది. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఈ క్లబ్బు కష్టాలన్నీ ఇక్కడే ఉన్నాయి. మా దగ్గర ఉన్నది 25 మీటర్లు. వంద మీటర్ల ఈతకు ఇక్కడ మూడుసార్లు తిరగాలి, అక్కడ ఒక్కసారే. తిరిగిన ప్రతిసారీ గోడను తన్నుకుని నీళ్ల కింద జారిపోవడం ఈదడం కంటే వేగం, పైగా చేతులకు కాస్త విశ్రాంతి. అందుకే చిన్న కొలనులో టైమింగ్ ఎప్పుడూ బాగా కనిపిస్తుంది. ప్రపంచ రికార్డులు కూడా రెండు కొలనులకూ వేరువేరుగా రాస్తారు. మా పాప మొదటిసారి గచ్చిబౌలిలో దిగినప్పుడు ముప్పై మీటర్ల దాకా పక్క లేన్ అమ్మాయితో సమానంగానే ఉంది. ఆ తర్వాత గోడ రాదు. చేతులు బరువెక్కిపోవడం గ్యాలరీలోంచి నాకే కనిపించింది.

ఇక్కడ టైమింగ్ చూసి మురిసిపోయిన తల్లిదండ్రులు అక్కడికెళ్లి కోచ్‌తో గొడవపడటం చాలాసార్లు చూశాను. కోచ్ సార్ మాత్రం ముందే చెప్తారు. ఆయన దగ్గర ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్కులు ఉంటాయి. తడి చేతులు తగిలి కాగితాలు అప్పడాల్లా వంకర్లు పోయాయి, కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది. ప్రతి పిల్ల పేరు ఎదురుగా రెండు గడులు: ఒకటి ఇక్కడి టైం, ఒకటి అక్కడి టైం. చేర్పించే ముందు ఎవరైనా అడిగితే తీసి చూపిస్తారు. క్లబ్బు గోడ మీద చలువరాతి బోర్డు కూడా ఒకటుంది. దాని మీద అధ్యక్ష కార్యదర్శుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఒక్క టైమింగూ ఉండదు. చరిత్ర కావాలంటే నోట్‌బుక్కులే చదవాలి.

వాటిలో 2016 అక్టోబర్ తర్వాతి పేజీలు గమ్మత్తుగా ఉంటాయి. పాత వరంగల్ జిల్లా అయిదు ముక్కలయ్యింది కదా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల పేర్ల పక్కన జిల్లా కొట్టేసి మళ్లీ రాశారు. అప్పటిదాకా ఒకే లేన్‌లో ఈదిన పిల్లలు జిల్లా సెలెక్షన్లలో వేర్వేరు టీములయ్యారు. 2021లో మా జిల్లా పేరు హన్మకొండ అయ్యాక మరోసారి కొట్టేసి రాశారు. అంతకుముందు 2014 దాకా ఉమ్మడి రాష్ట్రం టీంలో చోటంటే విజయవాడ, విశాఖ పిల్లల్ని కూడా దాటాలి. తెలంగాణ వచ్చాక ఆ వరుస తగ్గింది, హైదరాబాద్ వాళ్లతో పోటీ మాత్రం అలాగే ఉంది.

నేర్పడంలో ఈ క్లబ్బుకు వంక పెట్టలేను. బ్రెస్ట్ స్ట్రోక్, బటర్‌ఫ్లై అనే రెండు ఈతల్లో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి, లేకపోతే డిస్‌క్వాలిఫై. ఎంత ముందున్నా టైం లెక్కలోకే రాదు. ఒక వారమంతా మా పాప చేత వేరే ఏమీ చేయించలేదు: అయిదు మీటర్ల దూరం నుంచి రావడం, తాకడం, మళ్లీ వెనక్కి పోవడం. “రెండు చేతులు బిడ్డా, రెండూ ఒక్కసారే!” అన్న కేక మా ఇంట్లో అన్నం దగ్గర కూడా జోక్ అయిపోయింది.

కరోనాలో 2020 మార్చి నుంచి కొలను మూతబడింది. అక్టోబర్ 15 నుంచి క్రీడాకారుల శిక్షణకు తెరవొచ్చని కేంద్రం చెప్పాక కూడా మా దగ్గర నీళ్లు నింపడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆ మధ్యలో పెద్ద పిల్లలు కొందరు కాకతీయ కాలువలో ప్రాక్టీస్ చేస్తామన్నారు. పారే నీళ్లు లేన్ కాదని సార్ ఇళ్లకు వెళ్లి మరీ ఆపారు. 2021 జూన్‌లో సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణం అందుకున్న మొదటి భారతీయ ఈతగాడయ్యాడు. ఆ అంకె మా పాప నోట్‌బుక్ వెనక అట్ట మీద ఇంకా ఉంది.

ఇక ఫిర్యాదులు. ఆడపిల్లల బట్టలు మార్చుకునే గది తలుపు గడియ ఏళ్ల తరబడి సరిగ్గా పడలేదు. కమిటీకి చెప్తే తలూపేవాళ్లు. చివరికి తల్లులమే చందాలేసుకుని వేయించాం. లేడీ కోచ్ ఒక ఏడాది ఉంటే ఇంకో ఏడాది ఉండరు. పదో తరగతి టెన్షన్ రాగానే అమ్మాయిల్ని మాన్పించేస్తారు, క్లబ్బు కూడా ఆపే ప్రయత్నం పెద్దగా చేయదు. అబ్బాయిలైతే సార్ ఇంటిదాకా వెళ్తారు. ఇది మాత్రం నాకు నచ్చదు, మొహం మీదే చెప్పాను.

నీళ్ల విషయంలో కొత్తవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాం. చాలాసార్లు చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమిన్ల వాసన అది. కళ్లు ఎర్రబడేదీ ఎక్కువగా వాటివల్లే. దిగే ముందు సబ్బుతో స్నానం తప్పనిసరి చేశాక మా దగ్గర బాగా తగ్గింది. మే నెలలో క్యాంపు జనం నిండినప్పుడు మళ్లీ మామూలే.

పిల్లలకు ఈత వస్తే చాలనుకునేవాళ్లకు ఈ క్లబ్బు దండగ, క్యాంపులు సరిపోతాయి. పోటీలకు పంపాలనుకుంటే మాత్రం ఏ క్లబ్బుకు వెళ్లినా జనవరిలో పొద్దున అయిదున్నరకు కొలను దగ్గర ఎవరున్నారో ఒకసారి చూసి రండి. మా చిన్నోడిని మొన్న డిసెంబర్‌లో ఇక్కడే చేర్పించాం. ఏప్రిల్ దాకా ఆగితే ఒక్కో లేన్‌లో పదిమంది ఉంటారు, వాడి కాలు కదిలేది ఎవరికీ కనిపించదు.