1933 ఆస్టిన్ సెవెన్: పదేళ్లకు పైగా నడిపాక

ముందే చెప్పేస్తాను. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి కారు వెతుక్కునేవాళ్లకు ఈ సమీక్ష పనికిరాదు. నా దగ్గరున్నది 1933 నాటి ఆస్టిన్ సెవెన్ బాక్స్ సెలూన్, అంటే డబ్బాలాంటి మూసిన బాడీ ఉన్న రకం. పదేళ్లు దాటింది కొని. బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన, ఇది తయారైన లాంగ్‌బ్రిడ్జ్‌కు దగ్గర్లోనే ఉంటాం. ఆదివారాలు దీంట్లోనే తిరుగుతాం, వాన లేకపోతే కూరగాయలకూ ఇదే. ఇన్నేళ్లలో నాకు తేలిందేమిటంటే, ఈ కారులో విసిగించే ప్రతి విషయం వెనకా డబ్బుల లెక్క ఒకటుంది. కంపెనీ చరిత్ర చదివితే ఆ లెక్క అర్థమవుతుంది, కోపం కాస్త తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు.

క్లచ్‌తో మొదలుపెడతాను, ఎవరైనా మొదట తిట్టుకునేది దాన్నే. పెడల్ కదిలేదే కొంచెం, అందులో పట్టు దొరికే చోటు ఇంకా కొంచెం. మెల్లగా వదులుదామంటే కుదరదు. కారు గెంతైనా గెంతుతుంది, ఆగైనా ఆగుతుంది. మడమ నేలకు ఆనించి, ఇంజన్ రేజ్ చేయకుండా క్లచ్ వదిలి, బండి కదిలాకే యాక్సిలరేటర్ తొక్కాలి. కొత్త కార్లకు అలవాటుపడిన కాలికి ఇది తలకిందుల వ్యవహారం. సిగ్నల్ దగ్గర వెనక బస్సు ఉంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇంజన్ మాత్రం ముచ్చటైనది. నాలుగు సిలిండర్లు, 747 సీసీ. ఇంత చిన్న ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం 56 మిల్లీమీటర్లే, పిస్టన్ నడిచే దూరం మాత్రం 76. ఈ సన్నటి పొడుగు ఆకారం ఇంజనీరు ఇష్టంతో వచ్చింది కాదు, పన్నుల శాఖ పుణ్యం. 1921 నుంచి బ్రిటన్‌లో కారు పన్ను హార్స్‌పవర్‌కు ఏడాదికి ఒక పౌండు. ఆ హార్స్‌పవర్ లెక్కగట్టే సూత్రంలో సిలిండర్ల సంఖ్య, వాటి వ్యాసం మాత్రమే ఉంటాయి. పిస్టన్ ఎంత దూరం నడిస్తే వాళ్లకేం? అందుకే బ్రిటిష్ కంపెనీలన్నీ సిలిండర్లు సన్నబరిచి పొడుగు పెంచాయి. ఆ సూత్రం ప్రకారం నా కారు 7.8 హార్స్‌పవర్, నిజంగా ఇచ్చేది అంతకంటే ఎక్కువే. గేరు మార్చకుండా చిన్న ఎత్తులు ఎక్కేస్తుంది. గంటకు 55, 60 కిలోమీటర్ల దాకా హాయిగా పోతుంది. ఆ పైన చప్పుడు పెరిగినంతగా వేగం పెరగదు. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్ల దాకా వస్తుంది.

ఆ పన్ను దెబ్బకు దాదాపు మునిగిపోయిన కంపెనీ ఆస్టినే. మొదటి ప్రపంచ యుద్ధంలో లాంగ్‌బ్రిడ్జ్‌లో ఇరవై వేల మందికి పైగా ఫిరంగి గుళ్లు, లారీలు, విమానాలు తయారుచేశారు. యుద్ధం అయిపోయాక కంపెనీ పెట్టిన హెర్బర్ట్ ఆస్టిన్ ఒకే ఒక మోడల్‌ను నమ్ముకున్నాడు. అది 3.6 లీటర్ల ఆస్టిన్ ట్వంటీ. అంత పెద్ద బండికి పన్ను కట్టి కొనేవాళ్లెవరు? 1921లో కంపెనీ రిసీవర్ చేతుల్లోకి, అంటే అప్పులవాళ్ల తరఫు అధికారి చేతుల్లోకి వెళ్లింది. అప్పుడు ఆస్టిన్ చిన్న కారు చేద్దామంటే బోర్డు ఒప్పుకోలేదు. ఆయన పద్దెనిమిదేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ స్టాన్లీ ఎడ్జ్‌ను తన ఇల్లు లిక్కీ గ్రేంజ్‌కు పిలిపించుకుని, బిలియర్డ్స్ గదిలో కూర్చోబెట్టి డిజైన్ గీయించాడు. ఖర్చు సొంతంగా పెట్టుకున్నాడు. అందుకే పేటెంట్లు ఆయన పేర ఉన్నాయి, అమ్ముడైన ప్రతి కారుకూ రెండు గినీలు (గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు) రాయల్టీ ఆయనకే వెళ్లేది. 1922లో బయటికొచ్చినప్పుడు ధర 165 పౌండ్లు. సైడ్‌కార్ తగిలించిన మోటార్‌సైకిల్ మీద భార్యాపిల్లల్ని వానలో తిప్పుతున్న మనిషి కోసం చేసిన కారు ఇది. 1939 దాకా సుమారు 2 లక్షల 90 వేలు తయారయ్యాయి.

ఇప్పుడు ఆ పొదుపు ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూడండి. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌కు బేరింగులు రెండే, ముందొకటి, వెనకొకటి. మధ్యలో ఆసరా లేదు. ఇంజన్‌ను గట్టిగా తిప్పితే షాఫ్ట్ వంగుతున్నట్టు కాళ్ల కింద తెలుస్తుంది. 1936లో గానీ మూడో బేరింగు పెట్టలేదు. పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లకు నూనె పైపుల్లోంచి ఒత్తిడితో అందదు. రెండు జెట్లు నూనె చిమ్ముతాయి, తిరుగుతున్న క్రాంక్ దాన్ని పట్టుకోవాలి. ఇక్కడి పాత మెకానిక్కులు దీన్ని ‘ఉమ్మి దండం పెట్టుకోవడం’ అని నవ్వుతారు. నవ్వొచ్చినా పని చేస్తుంది. కానీ ఆ జెట్లలో నలుసు అడ్డుపడితే బేరింగు పోయినట్టే. క్రాంక్‌కేస్ పక్కనున్న స్క్రూలు విప్పి సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయాలి. ఐదు నిమిషాల పని, మానకూడదు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ దాదాపు లేనట్టే చూపిస్తుంది, దానికి కంగారుపడొద్దు. వాటర్ పంపు లేదు. వేడినీళ్లు పైకి, చల్లనీళ్లు కిందికి వాటంతటవే తిరుగుతాయి. లేని పంపు చెడిపోదు కదా!

బ్రేకుల విషయంలో నేను రాజీపడలేను. 1922లో ఇంత చౌక కారుకు నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టడం గొప్పే, అప్పట్లో చాలా పెద్ద కార్లకే ముందు బ్రేకులు ఉండేవి కావు. కానీ అవి కేబుల్ బ్రేకులు. గట్టిగా తొక్కితే ముందు ఇరుసు కాస్త మెలితిరిగి కేబుల్ వదులవుతుంది. నేను కొన్న కొత్తలో ఒక గ్యారేజీవాళ్లు బ్రేకులు సరిచేశామని చెప్పి ఇస్తే, మొదటి దిగుడులోనే కారు ఎడమకు లాగింది. అప్పటినుంచి నేనే సరిచేసుకుంటున్నాను. ఎంత బాగా కుదిర్చినా ముందు వెళ్లే బండికి చాలా దూరం వదలాలి. ఆ ఖాళీ చూసి ఇంకొకడు దూరతాడు. వెనక స్ప్రింగుల అమరిక వల్ల మలుపులో బాడీ ఒరిగిందంటే వెనక ఇరుసు కూడా తనకు తోచిన దిక్కుకు తిరుగుతుంది. స్టీరింగ్ బిగించి పట్టుకుంటే కారు తూలుతుంది, వేళ్లతో తేలిగ్గా పట్టుకుంటే దారిలో ఉంటుంది.

లోపల నలుగురు కూర్చోవచ్చు, ఆ నలుగురూ దగ్గరివాళ్లయితే. మా ఆవిడ మొదటిసారి ఎక్కి ‘ఇది తలుపులున్న ఆటో’ అంది. హీటర్ లేదు, చలికాలం దుప్పటి కప్పుకోవాల్సిందే.

ఆస్టిన్ మనిషి కూడా తన కారు లాగే మొండివాడు. 1866లో బకింగ్‌హమ్‌షైర్‌లో పుట్టి, కుర్రతనంలో ఆస్ట్రేలియా వెళ్లి, గొర్రెల బొచ్చు కత్తిరించే యంత్రాల కంపెనీ వోల్స్‌లీలో పనికి కుదిరాడు. 1893లో ఆ కంపెనీతోపాటే బర్మింగ్‌హామ్ వచ్చి దానికి కార్లు చేసిపెట్టాడు. సిలిండర్లు పడుకోబెట్టాలా నిలబెట్టాలా అన్న గొడవలో, పడుకోబెట్టాల్సిందేనని పట్టుబట్టి 1905లో బయటికొచ్చేశాడు. వచ్చి, మూతపడిన ఒక ప్రింటింగ్ ఫ్యాక్టరీ కొని, సొంత కార్లకు నిలువు సిలిండర్లే పెట్టాడు! 1936లో ఇదే మనిషి కేంబ్రిడ్జ్‌లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫోర్డ్ నడుపుతున్న కావెండిష్ ప్రయోగశాలకు రెండున్నర లక్షల పౌండ్లు ఇచ్చాడు.

ఈ కారు సంతతి పెద్దది. జర్మనీలో డిక్సీ పేరుతో లైసెన్సు మీద తయారైంది. ఆ డిక్సీ కంపెనీని 1928లో కొనేసిన బీఎమ్‌డబ్ల్యూకు అదే మొదటి కారు. విలియం లయన్స్ దీని చాసిస్ మీద అందమైన బాడీ కట్టి అమ్ముతూ పోయి చివరికి జాగ్వార్ దాకా వెళ్లాడు. కోలిన్ చాప్‌మన్ మొదటి లోటస్‌ కూడా పాత సెవెన్ నుంచే కట్టాడు. ఆస్టిన్ 1952లో పోటీదారు మోరిస్‌తో కలిసి బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అయింది. మన అంబాసిడర్ బాడీ మోరిస్‌దే అయినా, దాంట్లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ ఇంజన్ మాత్రం ఆస్టిన్‌ వైపు నుంచి వచ్చిందే. లాంగ్‌బ్రిడ్జ్ కథ 2005లో ఎమ్‌జీ రోవర్ దివాలాతో ముగిసినట్టే. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాలు, ఇళ్లు, ఒక కాలేజీ ఉన్నాయి.

ఖర్చు సంగతి. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్డు పన్ను కట్టక్కర్లేదు, బండి రోడ్డుకు పనికొస్తుందా అని ఏటా చూసే ఎమ్‌ఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. నేను మాత్రం ఆ బ్రేకుల భయంతో చేయిస్తూనే ఉంటాను. విడిభాగాలు ఇంత పాత కారుకు దొరకవనుకుంటారు గానీ, దాదాపు ప్రతిదీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. ఆస్టిన్ సెవెన్ క్లబ్బులు చాలా ఉన్నాయి, సలహా అడిగితే అరగంట తక్కువ మాట్లాడరు. పెట్రోలు ఇథనాల్ తక్కువుండే ఈ5 రకమే పోస్తాను.

కొనాలనుకుంటే పెయింటు చూసి మురిసిపోకండి. ముందు క్రాంక్‌షాఫ్ట్ ఎప్పుడు మార్చారో అడగండి. పాత షాఫ్టులు చెప్పాపెట్టకుండా విరుగుతాయి, ఇప్పుడు గట్టి ఉక్కుతో చేసిన కొత్తవి దొరుకుతున్నాయి. ఎత్తు ఎక్కించి క్లచ్ జారుతోందేమో చూడండి. వెనక బేరింగు నుంచి నూనె కారి దాని మీద పడుతుంటుంది. ఈ రెండూ బాగుంటే, బ్రేకులు ఎలాగూ బాగుండవు, ధర బేరమాడండి.