నాలుగేళ్లు వాడాక: పాత కంప్యూటర్‌కి వేసిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్

వాట్లు, వారంటీ డబ్బా మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. ఈ ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె, వేశాక కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవడం ఆగిపోయింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నాది డీటీపీ పని. 2009లో కొన్న మెషిన్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, మార్చే ధైర్యం లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ చివరి ఏడాదిలో కరెంటు పోయి యూపీఎస్ అందుకునేలోపే సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది, పెళ్లికార్డు సగం కంపోజ్ చేసి సేవ్ చెయ్యకపోతే మళ్లీ మొదటి నుంచే. బ్యాటరీ దిగిపోయిందనుకుని మార్చాను. తేడా లేదు. యూపీఎస్సే మార్చాను. అప్పుడూ అంతే.

ఒకరోజు పొద్దున్నే బటన్ నొక్కితే ప్రాసెసర్ ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మదర్‌బోర్డు మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతోంది. రిపేరు షాపులో చూసీ చూడగానే బోర్డు పోయింది, ఆ మోడల్ ఇప్పుడు దొరకదు అన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చేసుకున్నా. ప్లగ్గు పీకి, ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయ్యేలా అందులోని పచ్చ వైరునీ నల్ల వైరునీ జెమ్ క్లిప్పుతో కలిపి మళ్లీ స్విచ్చి వేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను చక్కగా తిరిగింది. అయితే ఇది బాగానే ఉందని రెండు రోజులు ర్యాములు తీసి తుడుస్తూ కూర్చున్నాను. ఆ ఫ్యాను తిరగడాన్ని నమ్మకండి, లోడు లేనప్పుడు చచ్చిపోతున్నది కూడా తిరుగుతుంది. మూడో రోజు ఒక హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు తగిలించి పసుపు వైరు దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు ఉండాల్సిన చోట 10.7 చూపించింది. 11.4 కన్నా దిగకూడదు. జాలీలోంచి టార్చి వేస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి, మీద గోధుమరంగు పెచ్చు కట్టి కనిపించాయి. డబ్బా మాత్రం విప్పలేదు, మీరూ విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో 2,600 పెట్టి ఇది తెచ్చాను. బిగించిన రోజే సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది, నేను కుర్చీలోంచి సగం లేచాను, స్క్రీన్ మీద కర్సర్ మాత్రం అదే అక్షరం పక్కన కొట్టుకుంటూనే ఉంది. యూపీఎస్ అందుకోడానికి పట్టే ఆ కొన్ని మిల్లీసెకన్లూ ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న దాంతోనే నెట్టుకురావాలట, ముసలిదైపోయిన పాతదానికి ఆ ఓపిక లేకపోయింది. బ్యాటరీకీ యూపీఎస్‌కీ పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

చప్పుడే లేదని మొదట్లో అందరికీ చెప్పాను. రెండో ఎండాకాలం నుంచి స్విచ్చి వేసిన మొదటి రెండు నిమిషాలు ఫ్యాను గరగరమంటోంది, దుమ్ము ఊదితే కొంత తగ్గుతుంది. ప్రాసెసర్‌కి వెళ్లే వైరు కూడా పొట్టిది. నా పాత క్యాబినెట్లో ఎస్‌ఎంపీఎస్ పైన ఉంటుంది కాబట్టి లాగిపెట్టి అందించగలిగాను, కింద బిగించే క్యాబినెట్ అయితే కొనేముందు కొలుచుకోండి.

నా మెషిన్లో గ్రాఫిక్స్ కార్డు లేదు, రోజంతా టైపింగే. గేములు ఆడేవాళ్లకి ఇది సరిపోతుందో లేదో నేను చెప్పలేను. కొత్తలో పసుపు వైరు దగ్గర 12.1 ఉండేది, పోయిన నెల కొలిస్తే 11.9 ఉంది. ఇంకో రెండేళ్లు లాగుతుందనే నా నమ్మకం, ఈసారి మాత్రం ఆర్నెల్లకోసారి కొలుస్తున్నాను.