ఏడేళ్ళుగా వాడుతున్న నా ఏటీవీ (బురదలో, చేలలో తిరిగే నాలుగు చక్రాల బండి), వాటర్ పంప్ కింద బెజ్జం కథ

ఈ బండి గురించి రాయాలంటే నేను ముందు ఆ బెజ్జం గురించే రాయాలి. వాటర్ పంప్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) తిప్పే పంప్, దాని కింద అగ్గిపుల్ల పట్టేంత బెజ్జం. ఏడేళ్ళలో ఈ బండి మీద నాకొచ్చిన కోపమంతా దాని మీదే, అంటే దాన్ని తీసుకెళ్ళి ముందు చక్రం బురద సూటిగా వచ్చి కొట్టే చోట పెట్టారు చూడండి, ఆ డిజైన్ మీద.

మాది డల్లాస్‌కి ఉత్తరాన సెలైనా దాటాక ఆరెకరాల స్థలం. బండి 2018లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, 500 సీసీ, లిక్విడ్ కూల్డ్. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ ఈ బండి అసలు వేడెక్కదు అని గట్టిగా చెప్పాను, ఆగస్టు ఎండలో ట్రైలర్ తగిలించి కట్టెలు లాగినా టెంపరేచర్ లైట్ వెలగలేదు మరి. ఇప్పుడు అడిగితే, రేడియేటర్ శుభ్రంగా ఉన్నంతకాలం వేడెక్కదు అని చెప్తాను.

ఎందుకంటే ఇక్కడి నేల నల్లరేగడి. మాది నరసరావుపేట వైపు, చిన్నప్పుడు వానాకాలంలో చేలో నడిస్తే చెప్పులకి రెండు కేజీల మట్టి అంటుకునేది, ఇక్కడ మొదటి వాన పడ్డాక చూస్తే అచ్చం అదే మట్టి. తడిస్తే జిగురు, ఆరితే రాయి. దానికి తోడు జాన్సన్ గ్రాస్ అని మన జొన్నకి దాయాదిలాంటి గడ్డి ఒకటి ఉంది, దాని గింజలన్నీ వెళ్ళి రేడియేటర్ రెక్కల మధ్య కూర్చుంటాయి. ముందు నుంచి చూస్తే బానే కనిపిస్తుంది, ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య మాత్రం గోడ కట్టినట్టు ఉంటుంది. మామూలు పైపు నీళ్ళతో ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగిపోతాయి, నావి ఒక మూల అలాగే వంగాయి.

ఇక అసలు సంగతి. 2023 మేలో బాగా వానలు పడ్డాయి, మా కుంట గట్టు దగ్గర (ఇక్కడి రైతులు కూడా కుంటని ట్యాంక్ అనే అంటారు, మొదటిసారి విన్నప్పుడు భలే సంతోషమేసింది) పది రోజులు బురదలోనే తిరిగాను. జూన్‌లో ఒక సాయంత్రం లైట్ వెలిగింది. ఫ్యాన్ తిరుగుతోంది, రేడియేటర్ కడిగిందే, పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్‌లో కూలెంట్ గీత దాకా ఉంది. మరి ఎందుకు వేడెక్కింది? మర్నాడు పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల వేలు పెట్టినా తగలనంత కిందకి పోయింది. బాటిల్ నిండుగా ఉంది కదా అని నమ్మడం ఎంత తప్పో అప్పుడు తెలిసింది. మూత రబ్బరు గట్టిపడితే వేడికి బాటిల్‌లోకి వెళ్ళిన కూలెంట్ చల్లారాక వెనక్కి రాదు. మూత చిన్న విషయం కాదండి, సగం నీళ్ళు సగం కూలెంట్ మామూలుగా అయితే 223 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మరుగుతుంది, 15 పౌండ్ల ప్రెషర్ ఆపే మూత ఉంటే సుమారు 265 దాకా మరగదు.

మూత మార్చా. వారంలో మళ్ళీ తగ్గింది. కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచా, ఒక్క చుక్క లేదు. థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తీసి స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు కాచి వేశా, దాని మీద రాసున్న 180 డిగ్రీల దగ్గరే తెరుచుకుంది. ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) పోయింది, 1,400 డాలర్లు అన్నారు. విప్పకుండా, టెస్ట్ చెయ్యకుండా ఎలా చెప్తారో నాకిప్పటికీ అర్థం కాదు. ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే టెస్ట్ కిట్ ఇస్తారు, అది తెచ్చి రేడియేటర్ మూతి మీద పెట్టా. హెడ్ గ్యాస్కెట్ పోయి పొగ కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని నీలం ద్రవం పసుపు అవుతుంది. నాది నీలంగానే ఉంది. తర్వాత ప్రెషర్ టెస్టర్‌తో 15 పౌండ్లు ఎక్కిస్తే ముల్లు మెల్లగా దిగుతోంది కానీ బయట ఎక్కడా తడి లేదు.

అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు, వేసవికి వచ్చారు. ఊళ్ళో ముప్పై ఏళ్ళు మిర్చి పండించిన మనిషి, ట్రాక్టర్ మెకానిక్ వచ్చేలోపు సగం పని ఆయనే చేసేవారు. నేను టెస్టర్ పట్టుకుని కూర్చుంటే వచ్చి, "ఏరా, నీళ్ళు కింద పడట్లేదు, ఆవిరై పోవట్లేదు, ఇంక లోపలికి కాక ఎటు పోతాయి? ఆయిల్ పుల్ల తీసి చూడు" అన్నారు. తీశా. మజ్జిగలా ఉంది.

చలికాలంలో బండిని ఐదేసి నిమిషాలు తిప్పి ఆపేస్తుంటే చెమ్మకి ఆయిల్ పుల్ల పైన కొంచెం తెల్లగా రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఇది అలా కాదు, కొసాకి తెల్లగా ఉంది, అదీ జూన్‌లో.

నాన్న వాటర్ బాడీ, అంటే వాటర్ పంప్, ఎక్కడుందో చూపించమన్నారు. పంప్ షాఫ్ట్ మీద రెండు సీళ్ళు ఉంటాయి, నీళ్ళ వైపు ఒకటి, ఆయిల్ వైపు ఒకటి, రెంటి మధ్య ఖాళీ నుంచి కిందకి ఆ బెజ్జం. నీళ్ళ సీల్ అరిగితే ఆ బెజ్జంలోంచి చుక్క కారాలి, అది చూసి మనం జాగ్రత్తపడాలి, దాన్ని పెట్టిందే అందుకు. నా బండిలో ఆ బెజ్జం రేగడి మట్టితో సిమెంట్ వేసినట్టు మూసుకుపోయి ఉంది. నాన్న ఒక తీగ వంచి పొడిచారు, రెండోసారికి మట్టి ముక్క ఊడింది, వెనకాలే పచ్చగా కూలెంట్ ధారగా కారింది. నెల రోజుల్నుంచి కనిపించకుండా పోయిన నీళ్ళు అలా కారుతుంటే నాకు కోపం రావాలి గానీ ప్రాణం లేచొచ్చింది. అరిగిన సీల్ దాటి వచ్చిన కూలెంట్‌కి బయటికి దారి లేక ఆయిల్ సీల్‌ని దాటుకుని ఇంజన్‌లోకి పోతోందన్నమాట.

రెండు సీళ్ళు, ఓ-రింగ్, గ్యాస్కెట్ కలిపి 70 డాలర్ల లోపే అయ్యాయి. పాత ఆయిల్ తీసేసి మూడుసార్లు చవక ఆయిల్ పోసి కాసేపు తిప్పి తీస్తే గానీ తెలుపు పోలేదు. అలా తెల్లబడ్డ ఆయిల్‌తో బండి నడపొద్దు, బేరింగులు పోతాయి. కూలెంట్ నింపేటప్పుడు ముందు చక్రాలు ర్యాంప్ మీదకి ఎక్కించి, లోపలి గాలి బయటికి పోయే స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఉండాలి. నేను మొదటిసారి తొందరపడి వదిలేస్తే గాలి పట్టేసి మళ్ళీ లైట్ వెలిగింది, అది ఇంకో అరరోజు పని.

వాగు దాటినప్పుడు బెల్ట్ కేసులోకి నీళ్ళు వెళ్ళి బెల్ట్ జారడం కూడా రెండుసార్లు అయింది, కింద డ్రెయిన్ ప్లగ్ తీసి ఇంజన్‌ని కాసేపు న్యూట్రల్‌లో తిప్పితే ఆరిపోయింది, దాని గురించి నాకేం ఫిర్యాదు లేదు.

కొనొచ్చా అంటే, నాకైతే ఇది లేకుండా ఆరెకరాలు చూసుకోవడం కష్టం, స్పేర్ పార్టులు దొరుకుతాయి, పానాలు పట్టుకోవడం నాకు ఇష్టం, అందుకే ఇంకోసారి కొనమన్నా ఇదే కొంటానేమో. నేల ఇసుక అయితే మీకు ఈ గొడవ ఉండకపోవచ్చు. మాలా రేగడి అయి ఉండి ప్రతి చిన్నదానికీ షాపుకి వెళ్ళాల్సి వస్తే మాత్రం పంప్ పైకి, బురద తగలని చోట ఉన్న మోడల్ వెతుక్కోండి. పక్కింటాయన వేరే కంపెనీ బండిలో కూడా పంప్ కిందనే ఉంది, కాబట్టి కొనేముందు పడుకుని చూడాల్సిందే.

ఇప్పటికి రెండేళ్ళు దాటింది, బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ తీగతో బెజ్జం పొడుస్తున్నా, కూలెంట్ తగ్గలేదు. కూలెంట్ గొట్టాలు మాత్రం కొన్నప్పటివే, నొక్కితే గట్టిగా తగులుతున్నాయి, ఈ చలికాలంలో మారుస్తా.