చర్చిలో ఓటు మీద క్లాసు, 5కి 3.5 ఇస్తా
"విశ్వాసం, ఓటు" అని మా చర్చిలో రెండు గంటల క్లాసు పెడితే వెళ్లా, ఫలానా పార్టీకే వెయ్యమంటారేమో అనుకున్నా గానీ ఒక్క పార్టీ పేరు కూడా ఎత్తలేదు. సత్యోపదేశం (క్యాథలిక్ చర్చి బోధనల అధికారిక పుస్తకం) 2240వ పేరా చదివించారు, పన్ను కట్టడం, ఓటెయ్యడం నైతిక బాధ్యతేనని ఉంది, పన్ను మాట దగ్గర నేను కొంచెం తల దించుకున్నా లెండి. ఫాదర్లు ప్రభుత్వ అధికార పదవులు తీసుకోకూడదని చర్చి చట్టంలోని కానన్ 285లో ఉందట, అంటే ఆ పని మనలాంటి మామూలు విశ్వాసులదే. 2000లో పోపు రెండవ జాన్ పాల్ రాజకీయ నాయకులకి పాలక పునీతుడిగా (అంటే వాళ్ల తరఫున ప్రార్థించే సెయింట్‌గా) ప్రకటించింది ఎవర్నో తెలుసా, ఇంగ్లండు రాజు మాటకి తలవంచక తలే పోగొట్టుకున్న థామస్ మోర్ ని! మైకు మాత్రం ఒకటే గరగర, ప్రశ్నలకి పది నిమిషాలే, నచ్చిన అభ్యర్థే లేకపోతే ఏం చెయ్యాలని అడుగుదామని చెయ్యెత్తేలోపు ముగింపు ప్రార్థన మొదలెట్టేశారు.