మా పోలీస్ స్టేషనుకు అయిదుకు మూడు నక్షత్రాలు

బెంగళూరు మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. నా గోంగూర పప్పుకు జనం నక్షత్రాలు వేస్తున్నప్పుడు స్టేషనుకు నేనెందుకు వేయకూడదు? ఏ స్టేషనో చెప్పను, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

రాత్రి కొట్టు కట్టేసి నడుస్తుంటే బండి మీద వచ్చిన ఇద్దరు చేతిలోని ఫోను లాక్కుపోయారు. స్టేషనులో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. నా కన్నడం కూరలు అమ్మడానికే సరిపోతుందని గమనించి, కోలారు నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ తెలుగులోకి మారారు. ఒక నక్షత్రం అక్కడే ఇచ్చేశాను.

తీరా కాగితం చూస్తే, నేను ‘కసిదుకొండరు’ అన్నది ‘కళెదుహోగిదె’ అయింది. లాక్కున్నారన్నది పోయిందిగా మారింది! “ఇలా అయితే పది నిమిషాల్లో పనైపోతుందమ్మా, ఫోను బ్లాక్ చేయించుకోవచ్చు” అన్నారు. నిజమే, మర్నాడు ఆ కాగితంతోనే సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో బ్లాక్ చేయించాను. కానీ పోయిన ఫోనుకు దొంగ ఉండడు కదా!

లా చదివే మా చెల్లెలి కొడుకు ఊరుకోలేదు. “పెద్దమ్మా, 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లాక్కుపోవడానికి విడిగా 304వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా జైలు. వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఇలాంటి నేరానికి ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది” అన్నాడు.

అదే మాట హెడ్డు గారితో అన్నాను. ఆయన కోప్పడలేదు. “ఎఫ్‌ఐఆర్ కడితే కెమెరా రికార్డులు తేవాలి, కోర్టుకు కాగితాలు పంపాలి. మా వాళ్ళు సగం మంది బందోబస్తుకు వెళ్ళారు” అన్నారు. సాకు అనుకునేదాన్నే, కానీ బల్ల మీద ఆయన మధ్యాహ్నం డబ్బా రాత్రికీ మూత తీయకుండా ఉంది. పప్పు పులిసిన వాసన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

జాలి వేరు, ఫిర్యాదు వేరు. స్టేషనులో కట్టకపోతే పై అధికారికి తపాలాలో పంపే హక్కు ఉందట. ఆ ఉత్తరం రాసి తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకు చూపించాను. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ అయింది, నకలు ఉచితంగా ఇచ్చారు. దానికి రెండు నక్షత్రాలు. అడగకుండా ఇచ్చి ఉంటే నాలుగు వేసేదాన్ని.

ఫోను ఇంకా దొరకలేదు. ఈసారి వెళ్ళేటప్పుడు హెడ్డు గారికి వేడి పప్పు పట్టుకెళ్ళాలని ఉంది. అది లంచం కిందికి వస్తుందేమో, ముందు మా వాణ్ణి అడగాలి.